నెమ్మదించిన కంప్యూటర్: శుభ్రం చేయాలా, రీసెట్ కొట్టాలా, ఎస్‌ఎస్‌డీ వేయాలా, కొత్తది కొనాలా?

ఇంట్లో కంప్యూటర్ స్లో అయిందనగానే సలహాలకు కొదవ ఉండదు. ఒకరు ఫార్మాట్ కొట్టించమంటారు, ఒకరు ర్యామ్ (నడుస్తున్న పనుల్ని పెట్టుకునే మెమరీ) పెంచమంటారు, ఇంకొకరు ఎన్నాళ్లని లాగుతావు, కొత్తది కొనేయ్ అంటారు. ఎవరి కంప్యూటర్‌కు ఏది పనిచేసిందో వాళ్లు అదే చెబుతారు, అందులో తప్పేం లేదు. కానీ మీ కంప్యూటర్ ఎక్కడ ఇరుక్కుంటోందో చూడకుండా ఈ సలహాల్లో ఏది ఎంచుకున్నా అది చీకట్లో రాయి విసరడమే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాతకాలపు హార్డ్ డిస్క్ మీద విండోస్ నడుస్తుంటే ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో డేటా దాచే వేగమైన డిస్క్) వేయడం కంటే మంచి ఖర్చు లేదు. ఇప్పటికే ఎస్‌ఎస్‌డీ ఉండి స్లో అవుతోందంటే ముందు ర్యామ్‌ను, తర్వాత మనమే పోగేసుకున్న సాఫ్ట్‌వేర్‌ను అనుమానించాలి. అందరూ మొదట సూచించే ఫార్మాట్‌ను (విండోస్‌ను మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం, కింద రీసెట్ అన్నదీ ఇదే కోవ) నేను వరుసలో బాగా వెనక పెడతాను. ఎందుకో కింద చెబుతాను. ఇదంతా విండోస్ కంప్యూటర్ల గురించే. మ్యాక్‌లో కొత్త మోడళ్లకు ర్యామ్, స్టోరేజ్ మార్చే వీలు దాదాపు ఉండదు కాబట్టి అక్కడ ఎంపికలు చాలా తక్కువ.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మన ముందు ఆరు దారులున్నాయి: అనవసరమైనవి తీసేసి శుభ్రం చేయడం, విండోస్ రీసెట్, ర్యామ్ పెంచడం, ఎస్‌ఎస్‌డీ వేయడం, ఆపరేటింగ్ సిస్టమే (ఓఎస్) మార్చేయడం, అంటే విండోస్ తీసి లినక్స్ లాంటిది వేయడం, కొత్తది కొనడం. ఖర్చు ఒక్కటే చూసి తేల్చుకుంటే పొరపాటు పడతాం. నేనైతే నాలుగు విషయాలు చూస్తాను.

మొదటిది, ఆ దారి అసలు సమస్యను తాకుతుందా అన్నది. ర్యామ్ సగం ఖాళీగా ఉన్న కంప్యూటర్‌కు ఇంకో 8 జీబీ వేసినా తేడా కనిపించదు. రెండోది, మీ ఫోటోలకు, ఫైళ్లకు ప్రమాదం ఎంత అన్నది. మూడోది, మీ మెషిన్‌లో అది సాధ్యమా అన్నది. పల్చటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించేస్తారు. నాలుగోది, ఆ తర్వాత ఎన్నాళ్లు నిశ్చింతగా వాడుకోవచ్చన్నది. వేగం ఒక్కటే కాదు, సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా ఇందులో భాగమే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారికి సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకునే పథకాన్ని 2026 అక్టోబరు 13 వరకు అని ప్రకటించింది. కాబట్టి విండోస్ 11కు వెళ్లలేని పాత మెషిన్ మీద డబ్బు పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి.

| దారి | ఏ సమస్యకు పనికొస్తుంది | ఖర్చు | డేటాకు ప్రమాదం | ఎన్నాళ్లు నిలుస్తుంది |
|---|---|---|---|---|
| శుభ్రం చేయడం | స్టార్టప్ భారం, నిండిన సి డ్రైవ్, దుమ్ము, వేడి | లేదు | దాదాపు లేదు | మళ్లీ పోగుపడేదాకా |
| విండోస్ రీసెట్ | పాడైన విండోస్, వదలని చెత్త సాఫ్ట్‌వేర్ | లేదు | ఎక్కువ | మీ వాడకాన్ని బట్టి |
| ర్యామ్ పెంచడం | మెమరీ ఎప్పుడూ నిండిపోవడం | తక్కువ నుంచి మధ్యస్థం | లేదు | కొన్నేళ్లు |
| ఎస్‌ఎస్‌డీ వేయడం | హార్డ్ డిస్క్ వల్ల వచ్చే నెమ్మది | మధ్యస్థం | జాగ్రత్తపడితే తక్కువ | కొన్నేళ్లు |
| లినక్స్ లేదా క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ | విండోస్ 11కు వెళ్లలేని పాత మెషిన్ | లేదు | ఎక్కువ | లినక్స్ అయితే దాదాపు మెషిన్ ఉన్నంతకాలం, ఫ్లెక్స్ అయితే మోడల్‌ను బట్టి |
| కొత్తది కొనడం | ప్రాసెసరే చాలనప్పుడు, ఏదీ మార్చే వీల్లేనప్పుడు | ఎక్కువ | పాతది అలాగే ఉంటుంది కాబట్టి లేదు | అన్నిటికంటే ఎక్కువ |

## ఎక్కడ ఇరుక్కుంటోంది?

ఈ పరీక్షకు ఏ సాఫ్ట్‌వేరూ దించుకోనక్కర్లేదు. కంప్యూటర్ మొరాయిస్తున్న సమయంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ అని నిలువు వరుసలు, వాటి పైన శాతాలు కనిపిస్తాయి. విండోస్ తెరుచుకున్న వెంటనే చూస్తే లాభం లేదు, అప్పుడు అన్నీ ఎక్కువగానే ఉంటాయి. ఐదారు నిమిషాలు ఆగి, మీరు రోజూ వాడేవన్నీ తెరిచాక చూడండి.

డిస్క్ 100 శాతం దగ్గరే కదలకుండా ఉండి, కింద చదువుతున్న, రాస్తున్న వేగం మాత్రం సెకనుకు రెండు మూడు ఎంబీలే కనిపిస్తే దొంగ దొరికినట్టే, అది హార్డ్ డిస్క్. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ పక్కన హెచ్‌డీడీ (అంటే హార్డ్ డిస్క్) అని ఉందో ఎస్‌ఎస్‌డీ అని ఉందో కూడా రాసి ఉంటుంది.

మెమరీ 60, 70 శాతం ఉన్నంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. మిగిలిన ఖాళీ విండోస్ పనికి సరిపోతుంది. మామూలు పనిలోనే 85, 90 దాటి అక్కడే ఉండిపోతే అప్పుడు ర్యామ్ చాలడం లేదని అర్థం. ఇక్కడ ఒక తికమక ఉంది. ర్యామ్ నిండిపోతే విండోస్ కొంత సరుకును డిస్క్ మీదకు తోస్తుంది, దాంతో డిస్క్ కూడా 100 చూపిస్తుంది. రెండూ ఒకేసారి ఎక్కువగా ఉంటే నాలుగు ట్యాబ్‌లు మూసి చూడండి. డిస్క్ కూడా శాంతిస్తే అసలు కారణం ర్యామే.

సీపీయూ ఎప్పుడూ 100 దగ్గర ఉంటే ఆ వరుస పేరు మీద నొక్కండి, ఎక్కువ తినేది పైకి వస్తుంది. యాంటీవైరస్ స్కాన్ అయినా, విండోస్ అప్‌డేట్ అయినా కాసేపట్లో దానంతట అదే తగ్గుతుంది. పేరు ఎప్పుడూ విననిది ఏదో రోజంతా తింటుంటే విండోస్ సెక్యూరిటీలో ఫుల్ స్కాన్ పెట్టండి.

ఇవేవీ ఎక్కువగా లేవు, అయినా వెబ్‌సైట్లు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయంటే కంప్యూటర్‌ను అనడం అన్యాయం. అదే వైఫై మీద ఫోన్‌లో అదే సైట్ తెరిచి చూడండి. అక్కడా అంతే అయితే గోల నెట్‌ది. ఫోన్‌లో బాగుండి కంప్యూటర్‌లోనే నెమ్మదిగా ఉంటే, అది రూటర్ ఇచ్చే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై పేరుకు కనెక్ట్ అయిందేమో చూసి, 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. రూటర్ దగ్గరగా ఉంటే తేడా వెంటనే తెలుస్తుంది, గోడలు అడ్డం ఉంటే 2.4 మెరుగు.

## శుభ్రం చేయడం: ఖర్చు లేదు, కాబట్టి ముందు ఇదే

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అన్న మాట ఇక్కడ చక్కగా సరిపోతుంది. మొదట చేయాల్సింది రీస్టార్ట్. "రోజూ రాత్రి ఆఫ్ చేస్తున్నాం కదా" అంటారు చాలామంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ లోపలి భాగం పూర్తిగా మూసుకోదు, డిస్క్‌లో దాక్కుని మర్నాడు అలాగే లేస్తుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీలో అప్ టైమ్ (విండోస్ మొదటి నుంచి లోడ్ అయి ఎంతసేపైందో) చూడండి, రోజూ ఆఫ్ చేసేవాళ్ల కంప్యూటర్లలో కూడా అది వారాలు చూపించడం మామూలే. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అంతా మొదటి నుంచి లోడ్ అవుతుంది. చిన్నాచితకా చిక్కులు చాలావరకు ఇక్కడే పోతాయి.

తర్వాత అదే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్. ప్రింటర్ వాళ్లది, వీడియో కాల్ యాప్, గేమ్ లాంచర్, మ్యూజిక్ యాప్, అన్నీ కంప్యూటర్‌తో పాటే లేవాలని కూర్చుంటాయి. డిసేబుల్ చేస్తే ఆ ప్రోగ్రామ్ పోదు, మీరు పిలిచినప్పుడు వస్తుంది, అంతే. యాంటీవైరస్, టచ్‌ప్యాడ్, ఆడియో పేర్లున్న వాటి జోలికి మాత్రం వెళ్లకండి.

రెండు యాంటీవైరస్‌లు ఉంటే రెట్టింపు భద్రత అనుకోవడం అపోహ. తెరిచే ప్రతి ఫైలునూ రెండూ వెతుకుతాయి, ఒకదాన్నొకటి అనుమానిస్తాయి. ఇంటి వాడకానికి విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ చాలు. కొన్నప్పుడు ట్రయల్‌గా వచ్చి గడువు తీరిన యాంటీవైరస్ ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి.

సి డ్రైవ్ అంచులదాకా నిండినా విండోస్ తడబడుతుంది. పదో పదిహేనో శాతం ఖాళీ ఉండాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అని వెళితే తీసేయగలిగినవి చూపిస్తుంది. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఉంటుంది, ముఖ్యమైన కాగితాలన్నీ అందులోనే వదిలేసే అలవాటు ఉన్నవాళ్లు టిక్ పెట్టే ముందు ఒకసారి తెరిచి చూసుకోవాలి.

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లను ఎవరూ పట్టించుకోరు గానీ, కూపన్లు వెతికేవి, పీడీఎఫ్‌లు మార్చేవి అంటూ ఎప్పుడో వేసుకున్నవి ప్రతి పేజీలోనూ తలదూరుస్తాయి. గుర్తుపట్టలేని ప్రతిదాన్నీ తీసేయండి.

ఇక వేడి. ఫ్యాన్ హోరెత్తుతూ, కంప్యూటర్ మొదట బాగుండి అరగంటకు డీలా పడుతుంటే లోపల దుమ్ము పేరుకుని ఉండొచ్చు. ప్రాసెసర్ మరీ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. డెస్క్‌టాప్ అయితే ప్లగ్ తీసి, పక్క ప్యానెల్ విప్పి, మెత్తటి బ్రష్‌తోనో గాలి డబ్బాతోనో శుభ్రం చేయండి. ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకుని ఊదాలి, తిరగనివ్వకూడదు.

వద్దనేవి కూడా చెప్పాలి: రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు) క్లీనర్లు, ర్యామ్ బూస్టర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు. మైక్రోసాఫ్ట్ రిజిస్ట్రీ క్లీనర్లను సమర్థించదు. ర్యామ్ బూస్టర్ చేసేదల్లా అవసరమైనవాటిని కూడా ర్యామ్ నుంచి డిస్క్ మీదకు గెంటేసి, ఖాళీ శాతం పెద్దగా చూపించడం. "మీ కంప్యూటర్‌లో 1,300 లోపాలు ఉన్నాయి" అని ఎర్ర అక్షరాలతో భయపెట్టే ఏ ప్రోగ్రామూ మన మేలు కోరి రాలేదు. బ్రౌజర్‌లో స్క్రీన్ మొత్తం కమ్మేసి ఫోన్ నంబరు ఇచ్చే హెచ్చరికలు పూర్తిగా మోసం. ఆ నంబరుకు చేయకండి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసేయండి.

## ఎస్‌ఎస్‌డీయా, ర్యామా?

శుభ్రం చేశాక కూడా మార్పు లేదంటే చాలామంది ఆగిపోయేది ఇక్కడే. రెండూ ఒకేసారి వేయించే స్తోమత ఉంటే సరే. ఒకటే అయితే?

హార్డ్ డిస్క్ ఎందుకు నెమ్మదో తెలిస్తే జవాబు సులువు. అందులో పళ్లేలు నిజంగానే తిరుగుతుంటాయి. ల్యాప్‌టాప్‌లలో మామూలుగా నిమిషానికి 5,400 చుట్లు, అంటే ఒక్కో చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావాల్సిన ముక్క దగ్గరికి సూది జరగాలి, ఆ ముక్క దాని కిందికి తిరిగి రావాలి. ఇదంతా కలిపితే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కల్ని సెకనుకు వంద అటూ ఇటూగా మాత్రమే తీయగలదు. విండోస్ తెరుచుకునేటప్పుడు అడిగేవి ఇలాంటి చిన్న ముక్కలే, అదీ వేలల్లో. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు, ఆ ముక్కల్ని సెకనుకు వేలు, పదివేల చొప్పున ఇస్తుంది. డబ్బాల మీద రాసే పెద్ద అంకెలు (సాటా అనే పాత తరహా ఎస్‌ఎస్‌డీకి సెకనుకు 550 ఎంబీ వరకు, ఎన్‌వీఎంఈ అనే కొత్త తరహాకు 3,000 పైన) పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పటివి. రోజువారీ హాయి ఆ చిన్న ముక్కల నుంచి వస్తుంది. అందుకే పాత కంప్యూటర్‌లో చవకైన సాటా ఎస్‌ఎస్‌డీ వేసినా మనిషి ఆశ్చర్యపోతాడు, దాని నుంచి ఎన్‌వీఎంఈకి మారితే మాత్రం ఇంటి పనుల్లో అంత తేడా కనిపించదు.

కాబట్టి నా వరుస ఇది. 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ ఉంటే: ఎస్‌ఎస్‌డీ, ఇంకో ఆలోచన వద్దు. 4 జీబీ, హార్డ్ డిస్క్ ఉంటే: అప్పుడూ ముందు ఎస్‌ఎస్‌డీయే, ఎందుకంటే ర్యామ్ నిండి సరుకు డిస్క్ మీదకు వెళ్లినా అది వేగమైన డిస్క్ అవుతుంది. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చు. 4 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉంటే: ర్యామ్. 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉండి బ్రౌజర్, మెయిల్, రాతపని మాత్రమే చేసేవారికి రెండూ అక్కర్లేదు. ఫోటోలు, వీడియోలు ఎడిట్ చేసేవారు, ముప్పై ట్యాబ్‌లు తెరిచి పెట్టుకునేవారు 16 జీబీకి వెళ్లొచ్చు.

ర్యామ్ కొనేముందు పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో మెమరీ పేజీ చూడండి. ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడుకలో ఉన్నాయో అక్కడ ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు పొట్టి ర్యామ్ పట్టీ, డెస్క్‌టాప్‌కు పొడుగు పట్టీ. ర్యామ్ తరాలైన డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్థానంలో ఒకటి కూర్చోవు, గాటు వేరే చోట ఉంటుంది. 32 బిట్ విండోస్ అయితే 4 జీబీకి మించి వాడుకోలేదు, అక్కడ ర్యామ్ కొని లాభం లేదు. ముందు 64 బిట్ విండోస్ వేయాలి.

ఎస్‌ఎస్‌డీ విషయంలో ఆకారం ముఖ్యం. పాత హార్డ్ డిస్క్ స్థానంలో కూర్చునేది 2.5 అంగుళాల సాటా రకం. మదర్‌బోర్డు మీద ఎం.2 స్లాట్ ఉంటే చూయింగ్ గమ్ పట్టీ లాంటి సన్నటిది వస్తుంది, కానీ ఎం.2 ఆకారంలోనే సాటా రకమూ ఉంది, ఎన్‌వీఎంఈ రకమూ ఉంది. మీ స్లాట్ ఏది ఒప్పుకుంటుందో కంపెనీ సైట్‌లో మోడల్ పేరుతో చూసుకున్నాకే కొనండి. చవక ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో ఈఎంఎంసీ అనే 32 లేదా 64 జీబీ స్టోరేజ్ బోర్డుకే అతికించి ఉంటుంది. ర్యామ్ కూడా అతికించిందే అయితే ఈ రెండు దారులూ మూసుకున్నట్టే, కింద ఓఎస్ మార్పు దగ్గరికి వెళ్లండి.

పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు క్లోన్ చేయడమా, కొత్తగా విండోస్ ఎక్కించడమా అన్నది ఇంకో సందేహం. విండోస్ బాగా నడుస్తూ డిస్క్ మాత్రమే నెమ్మదైతే క్లోన్ చేయించండి, ప్రోగ్రాములు, సెట్టింగులు అన్నీ అలాగే ఉంటాయి. ఎర్రర్లు వస్తూ ఉంటే కొత్తగా ఎక్కించడమే మంచిది. దానికి కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్ చాలు. డిస్క్ మారితే విండోస్ లైసెన్స్ పోతుందనే భయం వద్దు. డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డును చూసి గుర్తుపడుతుంది. తీసేసిన హార్డ్ డిస్క్‌ను పారేయకండి, యూఎస్‌బీ కేసులో పెడితే బ్యాకప్‌కు పనికొస్తుంది, ఆరోగ్యంగా ఉంటేనే సుమా.

అన్నట్టు, ఎస్‌ఎస్‌డీని డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ముక్కల్ని ఒకచోట చేర్చడం) చేయకండి. విండోస్‌లోని ఆప్టిమైజ్ డ్రైవ్స్ దాన్ని గుర్తుపట్టి ట్రిమ్ అనే వేరే పని చేస్తుంది, అది దానంతట అదే జరుగుతుంది.

## రీసెట్: ఎప్పుడు తగును, ఎప్పుడు తగదు

ఫార్మాట్‌ను వెనక పెట్టడానికి కారణం ఇదే: డిస్క్ నెమ్మదైతే ఫార్మాట్ చేసిన కొత్తలో బాగున్నట్టే ఉంటుంది, మీ ప్రోగ్రాములన్నీ తిరిగి ఎక్కించేసరికి పాత కథే. ఈలోపు ఎవరివో ఒకరి ఫోటోలు పోయి ఉంటాయి.

ఇది నిజంగా తగేది రెండు సందర్భాల్లో. ఒకటి, వైరస్‌లు, యాడ్ సాఫ్ట్‌వేర్ ఎంత తీసినా మళ్లీ వస్తుంటే. రెండోది, విండోస్ ఫైళ్లే పాడై అప్‌డేట్లు ఎక్కనప్పుడు. రెండోదానికి కూడా ముందు చిన్న ప్రయత్నం ఒకటి ఉంది: అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) ఆదేశం ఇస్తే పాడైన సిస్టమ్ ఫైళ్లను వెతికి సరిచేస్తుంది.

రీసెట్‌లో "నా ఫైళ్లు ఉంచు", "అన్నీ తీసేయ్" అని రెండు దారులు వస్తాయి. మొదటిది ఎంచుకున్నా మీరు వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ లాంటి యూజర్ ఫోల్డర్లలోవి ఉంటాయి గానీ, సి డ్రైవ్‌లో సొంతంగా వేరే ఫోల్డర్ పెట్టి దాచినవాటికి ఆ హామీ లేదు. క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకుంటే దాదాపు 4 జీబీ డేటా ఖర్చవుతుంది, లోకల్ ఎంచుకుంటే డిస్క్‌లో ఉన్నదాన్నే వాడుతుంది. విండోస్ ఫైళ్లే పాడయ్యాయని అనుమానం ఉంటే క్లౌడే నయం.

రీసెట్‌కైనా, డిస్క్ మార్పుకైనా ముందు రెండు పనులు తప్పవు. ఒకటి బ్యాకప్, అదీ వేరే డిస్క్ మీదకు. అదే డిస్క్‌లోని డి డ్రైవ్‌కు కాపీ చేయడం బ్యాకప్ కాదు. రెండోది బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ. కొత్త కంప్యూటర్లు చాలావాటిలో మనకు తెలియకుండానే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. ఏదైనా మార్చాక 48 అంకెల కీ అడిగితే, అది లేకుండా ఎవరూ తెరవలేరు. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే వెతికి కాగితం మీద రాసిపెట్టుకోండి.

హార్డ్ డిస్క్ టిక్ టిక్ మంటున్నా, ఫైళ్లు తెరిచేటప్పుడు పదేపదే ఫ్రీజ్ అవుతున్నా ఎంపికల గురించి ఆలోచించే సమయం కాదది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్ డిస్క్ ఆరోగ్యం చూపిస్తుంది. "కాషన్" అని గానీ "బ్యాడ్" అని గానీ వస్తే మొట్టమొదట అతిముఖ్యమైన ఫైళ్లను బయటికి కాపీ చేయండి. అప్పుడు డీఫ్రాగ్, చెక్‌డిస్క్, రీసెట్ ఏదీ వద్దు, పోతున్న డిస్క్‌ను అవి ఇంకా శ్రమపెడతాయి.

## ఓఎస్ మార్చడమా, కొత్తది కొనడమా?

విండోస్ 11కు టీపీఎం 2.0 (రహస్య కీలను భద్రంగా దాచే చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ లేచేలా చూసే ఏర్పాటు), కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కావాలి. ప్రాసెసర్ ఇంటెల్ అయితే, ఒకటీ అరా మినహాయిస్తే, 8వ తరం లేదా ఆ పైది ఉండాలి. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ యాప్ మీ మెషిన్ అర్హమో కాదో చెబుతుంది. టీపీఎం లేదని వస్తే నిరాశపడే ముందు బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల పేజీలో) చూడండి, చాలా మెషిన్లలో అది ఉండి కూడా ఆఫ్‌లో ఉంటుంది.

అర్హత లేని మెషిన్ మీద దొడ్డిదారిన విండోస్ 11 వేసే చిట్కాలు ఉన్నాయి. పని చేస్తాయి కూడా. కానీ అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. బ్యాంకు పనులు చేసే ఇంటి కంప్యూటర్‌కు నేనది సిఫారసు చేయను.

బదులుగా ఉచితంగా దొరికేవి రెండు. లినక్స్ మింట్ విండోస్ అలవాటున్నవారికి కొత్తగా అనిపించదు, ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తేలిక కూడా. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే హాయి. లిబ్రే ఆఫీస్ దాంతోనే వస్తుంది. దానికన్నా మంచి గుణం, పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకోవచ్చు: వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో డిస్క్‌ను ముట్టుకోకుండానే తెలిసిపోతుంది. గూగుల్ వారి క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఇంకా సరళం, దాదాపు బ్రౌజర్ మాత్రమే. మెయిల్, వీడియోలు, వీడియో కాల్స్ చాలనుకునే పెద్దవాళ్లకు అది బాగుంటుంది, పాడు చేయడానికి అందులో ఏమీ ఉండదు. ఆండ్రాయిడ్ యాప్‌లు మాత్రం ఎక్కవు, ఆ ఆశతో వేసుకోకండి.

ఈ రెండూ పనికిరానిది ఎవరికంటే, ఫలానా విండోస్ ప్రోగ్రామ్ లేకుండా గడవనివారికి: ఆఫీసు ఇచ్చిన లెక్కల సాఫ్ట్‌వేర్, డెస్క్‌టాప్ ఎంఎస్ ఆఫీస్, ఫోటోషాప్, కొన్ని ఆన్‌లైన్ పరీక్షల ప్రోగ్రాములు, చాలా ఆన్‌లైన్ గేములు. చదువుకునే పిల్లలున్న ఇంట్లో ఈ మార్పుకు ముందు వాళ్ల బడి ఏ ప్రోగ్రామ్ అడుగుతుందో కనుక్కోండి.

వీళ్ల మెషిన్ విండోస్ 11కు అర్హం కాకపోతే దాంట్లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేయడం కంటే ఆ డబ్బు కొత్తదానికి దాచుకోవడమే తెలివి. ప్రాసెసర్ ఒక్కటే అన్నివేళలా 100 చూపించే మెషిన్‌కూ ఇదే మాట. స్క్రీన్, బ్యాటరీ, కీబోర్డు మూడూ ఒకేసారి పోయిన ల్యాప్‌టాప్‌కు కూడా.

కొత్తది కొనేటప్పుడు హార్డ్ డిస్క్ మాత్రమే ఉన్నది ఎంత చవకైనా వద్దు. ర్యామ్ 8 జీబీ కనీసం, అతికించిన రకం అయితే మొదటే 16 తీసుకోండి, తర్వాత పెంచలేరు. కొత్తదానికి బడ్జెట్ చాలకపోతే కంపెనీల్లో వాడి తీసేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు, పునరుద్ధరించి అమ్మేవి, కొత్త చవక రకాల కంటే గట్టివి. ఇంటెల్ 8వ తరమో ఆ తర్వాతదో అని, బ్యాటరీ ఎంత మిగిలిందో, వారంటీ ఎన్నాళ్లో అడిగి తీసుకోండి. ఆర్మ్ (ఫోన్లలో వాడే తరహా) ప్రాసెసర్‌తో వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ బాగుంటుంది, కానీ పాత ప్రింటర్ ఉన్నవారు దానికి ఆర్మ్ డ్రైవర్ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

పాతదాన్ని ఎవరికైనా ఇచ్చేటట్టయితే ఫైళ్లు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే సరిపోదు, వాటిని తిరిగి తీయగలిగే ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. రీసెట్‌లో "అన్నీ తీసేయ్" ఎంచుకుని, సెట్టింగులు మార్చే చోట డేటా శుభ్రం చేయమనే ఆప్షన్ ఆన్ చేయండి. హార్డ్ డిస్క్ మీద దానికి గంటల కొద్దీ పడుతుంది, చార్జర్ పెట్టి వదిలేయండి. బ్రౌజర్ ఖాతాలో, మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ పాత డివైజ్ పేరు తీసేయడం కూడా అదే రోజు చేసేయాలి.